ఎండే చెరువులో నాచు కణం తన పోగుల్ని ఏం చేస్తుంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాన మీదే ఆధారపడ్డ కుంటలది ఏటా ఒకటే వరస. వానాకాలంలో మత్తడి దుంకిన నీళ్లు సంక్రాంతి దాటగానే వెనక్కి జరుగుతాయి. రోహిణి కార్తె వచ్చేసరికి శిఖం భూమి నెర్రెలు బారుతుంది. మధ్యలో మిగిలిన మడుగులో నీళ్లు మధ్యాహ్నానికి కాగుతాయి, ఆవిరైన కొద్దీ ఉప్పులు చిక్కబడతాయి, ఎండ నేరుగా అడుగుదాకా దిగుతుంది. చేపల్ని పట్టుకుపోతారు, కొంగలు ఇంకో చెరువు చూసుకుంటాయి. ఆకుపచ్చ నాచు మాత్రం అక్కడే ఉండిపోతుంది. తొలకరి పడ్డ కొన్నాళ్లకు అదే కుంట మళ్లీ పచ్చబడుతుంది.

ఇది కళ్ల ముందే జరుగుతున్నా, కణం లోపల ఏం జరిగితే ఇది సాధ్యమవుతుందన్న ప్రశ్న మన దగ్గర పెద్దగా వినిపించదు. జవాబులో ఎక్కువ భాగం కణ అస్థిపంజరంలో ఉంది. కణానికి ఆకారమిచ్చే, కేంద్రకాన్ని, హరితరేణువును తగిన చోట నిలిపే, కణం ఈదడానికీ విభజన చెందడానికీ ఆధారమైన ప్రోటీన్ పోగుల అల్లిక అది. పెళ్లి పందిరి గుంజల్లాగా వాటిని ఒకచోట పాతి, పని అయ్యాక పీకి, ఇంకోచోట పాతడం కణానికి నిత్యకృత్యం.

ఈ పోగుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి సూక్ష్మనాళికలు. ఇవి 25 నానోమీటర్ల మందం ఉన్న బోలు గొట్టాలు, ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ జతలు మామూలుగా 13 వరుసల్లో పేరుకుని ఏర్పడతాయి. రెండోది యాక్టిన్ తంతువులు, వీటి మందం 7 నానోమీటర్లు. రెండూ ఎప్పుడూ ఒక కొన పెరుగుతూ ఇంకో కొన తరుగుతూ ఉంటాయి. నిలకడగా కనిపించే సూక్ష్మనాళిక కూడా ఉన్నట్టుండి కుప్పకూలి, మళ్లీ లేస్తుందని 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చూపించారు. కట్టినంత తేలిగ్గా విప్పుకోగలగడమే దీని బలం. కష్టం వచ్చినప్పుడు నాచు కణం వాడుకునేది ఈ బలాన్నే. పోగులు విడిపోయి కనబడగానే కణం దెబ్బతిందని రాసేయడం ఈ విషయంలో తరచూ జరిగే పొరపాటు. చాలాసార్లు అవి విడిపోవడమే కణం ఇచ్చే జవాబు. తిరిగి కట్టుకోలేని స్థితి వచ్చినప్పుడే దాన్ని నష్టం అనాలి. తెలంగాణ దక్షిణాన చెరువు నీళ్ల గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడా చాలా అవసరం.

ముందే చెప్పుకోవలసిన మాట ఒకటుంది. చెరువులో పచ్చగా కనబడేదంతా ఆకుపచ్చ శైవలం, అంటే అసలైన నాచు, కాదు. వేసవిలో గాలివాటుకు ఒడ్డున చిక్కగా పేరుకునే, వాసన కొట్టే పచ్చటి తెట్టె చాలా చోట్ల మైక్రోసిస్టిస్ లాంటి నీలి ఆకుపచ్చ జీవి. అది బ్యాక్టీరియా జాతిది. దానిలో ట్యుబ్యులిన్‌కు, యాక్టిన్‌కు దూరపు చుట్టాల్లాంటి ప్రోటీన్లు ఉన్నా, ఇక్కడ చెప్పుకుంటున్న అల్లిక ఉండదు. ఈ వ్యాసం అసలైన ఆకుపచ్చ శైవలాల గురించే.

తోకలు వదిలేసే కణం

ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు క్లామిడోమోనాస్ గుర్తుండే ఉంటుంది. ఒకే కణం, మిల్లీమీటరులో నూరో వంతు పొడవు, ముందు వైపు తోకల్లాంటి రెండు కశాభాలు. వాటిని ఆడిస్తూ సెకనుకు తన ఒంటి పొడవుకు దాదాపు పది రెట్ల దూరం ఈదుతుంది. ఒక్కో కశాభం లోపల మధ్యలో రెండు, చుట్టూ తొమ్మిది జతల సూక్ష్మనాళికలు ఉంటాయి. అంటే కణ అస్థిపంజరంలో బయటికి పొడుచుకొచ్చిన భాగం అది. సూక్ష్మదర్శినిలో నేరుగా కనబడుతుంది కాబట్టి, లోపలి పోగులకు ఏమవుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు దీన్నే ఎక్కువగా చూశారు.

నీళ్లు ఒక్కసారిగా పుల్లబడితే, వేడెక్కితే, ఆల్కహాల్ తగిలితే, చివరికి గట్టిగా కుదిపినా క్లామిడోమోనాస్ తన రెండు కశాభాల్నీ మొదలు దగ్గర తెంచి వదిలేస్తుంది. ప్రయోగశాలల్లో ఎసిటిక్ ఆమ్లంతో నీటి పీహెచ్‌ను 4.5 దగ్గరికి దించి దీన్ని చూపిస్తారు. సెకన్లలో పని అయిపోతుంది. ఆమ్లం తగలగానే కణంలోకి కాల్షియం జొరబడుతుంది, ఆ సంకేతంతో కశాభం మొదట్లో ఒక నిర్దిష్టమైన చోట తొమ్మిది జతల నాళికలూ తెగిపోతాయి, తెగిన చోట పొర వెంటనే మూసుకుంటుంది. ఈ తెగడం ప్రమాదవశాత్తూ జరిగేదైతే కణం కారిపోయి చచ్చేది. పైగా ఎఫ్‌ఏ1, ఎఫ్‌ఏ2 అనే జన్యువులు చెడిన రకాలు ఎంత ఆమ్లం పోసినా కశాభాల్ని వదలలేవు. అంటే తెంచుకోవడానికి కణం దగ్గర ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది.

తర్వాత జరిగేది ఇంకా ఆసక్తికరం. పరిస్థితి కుదుటపడితే రెండు గంటల్లోపే కశాభాలు దాదాపు మునుపటి పొడవుకు పెరుగుతాయి. కొత్త ప్రోటీన్ తయారు కాకుండా మందు పెట్టి అడ్డుకున్నా, సగం పొడవు దాకా పెరుగుతాయని 1969లో జోయెల్ రోజెన్‌బామ్, ఆయన సహచరులు చూపించారు. ఆ సగానికి సరిపడే ట్యుబ్యులిన్ కణంలో ఎప్పుడూ నిల్వ ఉంటుందన్నమాట. ఒకటే కశాభం తెగితే రెండోది తన పొడవు తగ్గించుకుంటుంది, తెగినది పెరుగుతుంది, రెండూ సమానమయ్యాక కలిసి పెరుగుతాయి. ఇటుకలు ఒక తోక నుంచి ఇంకో తోకకు చేరడం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఇటుకల్ని మోసుకెళ్లే రవాణా వ్యవస్థను కూడా ఇదే జీవిలో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో, 1993లో చూశారు. మనిషి మూత్రపిండాల్లో, కంట్లో ఉండే సన్నటి రోమాలు పనిచేసేదీ అదే వ్యవస్థతో. కుంటలో నాచును చదివితే వచ్చిన జ్ఞానం ఆస్పత్రిదాకా వెళ్లింది.

క్లామిడోమోనాస్ కశాభాల్ని తెంచుకోకుండా మెల్లగా లోపలికి లాక్కోగలదు కూడా. విభజనకు ముందు చేసేది ఇదే. కశాభాల మొదళ్లే విభజన సమయంలో నాళికల్ని సర్దే పనికి మారతాయి. అందుకే ఈదుతూ విభజన చెందడం దీనికి కుదరదు. విభజనకు ఇంకో అడ్డంకి వేడి. మామూలుగా 25 డిగ్రీల దగ్గర పెంచే కణాల్ని 42 డిగ్రీలకు మార్చితే విభజన ఆగిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు చూసే నల్లగొండలో, లోతులేని మడుగులోని కణానికి ఇది పుస్తకంలో సంగతి కాదు. వేడికి ప్రోటీన్లు ముడుతలు విప్పుకుని పాడవుతాయి. వాటిని సరిచేసే ఉష్ణఘాత ప్రోటీన్లు అప్పుడు పెద్ద ఎత్తున తయారవుతాయి. ట్యుబ్యులిన్, యాక్టిన్ రెండూ సొంతంగా సరిగా ముడుచుకోలేవు, వాటిని మడిచి ఇవ్వడానికి సీసీటీ అనే ఉంగరం ఆకారపు ప్రోటీన్ యంత్రం కావాలి. కాబట్టి వేడిలో కణం విభజనను వాయిదా వేసుకోవడం తెలివైన పనే అనిపిస్తుంది. సామాను సరిగా తయారవుతుందో లేదో తెలియని వేళ అన్నిటికన్నా నాజూకైన కట్టడం పని పెట్టుకోకపోవడమే మేలు.

ఉప్పు పెరిగినప్పుడు కథ వేరు. కణాలు కశాభాల్ని వదిలేసి, ఒకే జిగురు పొరలో గుంపుగా ఉండిపోతాయి. ఉప్పు తగ్గితే పొర విడిపోయి, కొత్త కశాభాలతో ఈదుకుంటూ పోతాయి.

ఎండిపోవడానికి సిద్ధమవడం

నీళ్లలో నత్రజని కరువైతే క్లామిడోమోనాస్ ఎంచుకునే దారి సంయోగం. మామూలు కణాలు సంయోగబీజాలుగా మారతాయి. ప్లస్, మైనస్ రకాల కణాలు కశాభాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ స్పర్శ సంకేతంతో ప్లస్ కణంలో యాక్టిన్ తంతువులు వేగంగా పేరుకుని ఒక సన్నటి గొట్టాన్ని బయటికి నెడతాయి. ఆ గొట్టం అవతలి కణాన్ని తాకాక రెండూ కలిసిపోతాయి. నాలుగు కశాభాలతో కాసేపు ఈదిన ఆ జంట చివరికి నాలుగింటినీ పోగొట్టుకుని, చుట్టూ మందపాటి గోడ కట్టుకుంటుంది. నెర్రెలు బారిన చెరువు మట్టిలో వేసవి గడిపేయగలిగే రూపం అది. నీళ్లు, వెలుతురు అందాక అది పగిలి, నాలుగు కొత్త కణాలు కశాభాలతో బయటికొస్తాయి. ఈ క్రమంలో అస్థిపంజరం మూడుసార్లు పూర్తిగా కొత్త రూపం తీసుకుంటుంది. తోకలు ముందు పట్టుకొమ్మలవుతాయి, యాక్టిన్ వంతెన అవుతుంది, ఆఖరికి అన్నీ విప్పేసి లోపల దాచుకోవడం జరుగుతుంది.

మట్టి మీద, రాళ్ల మీద పోగులుగా పెరిగే క్లెబ్‌సార్మిడియం లాంటి శైవలాలకు ఇంత సమయం దొరకదు. గంటల్లో ఎండి, గంటల్లో తడుస్తాయి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ శాస్త్రవేత్తలు ఆల్ప్స్ పర్వతాల నుంచి తెచ్చిన రకంలో చూసినదాని ప్రకారం, తడిగా ఉన్నప్పుడు వలలా పరుచుకున్న యాక్టిన్ పోగులు ఎండినప్పుడు చుక్కలు చుక్కలుగా ముద్దకట్టాయి, నీళ్లు అందాక తిరిగి అల్లుకున్నాయి.

ఎండ తీవ్రతకు జవాబు మూజియోషియాలో చక్కగా కనబడుతుంది. వెంట్రుకల్లాంటి పోగులుగా పెరిగే మంచినీటి శైవలం ఇది. ప్రతి కణంలోనూ బల్లపరుపు పలకలాంటి ఒకే హరితరేణువు ఉంటుంది. వెలుతురు తక్కువైతే ఆ పలక తన వెడల్పు ముఖాన్ని వెలుతురు వైపు తిప్పుతుంది. ఎండ తీవ్రమైతే తిరిగి అంచును మాత్రమే చూపిస్తుంది. తిప్పేది యాక్టిన్. వెలుతురు ఎంతుందో పసిగట్టేది ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం. పలక మొత్తం అలా తిరగడాన్ని కాలేజీ ల్యాబులో ఉండే మామూలు సూక్ష్మదర్శినితోనే చూడొచ్చు.

అలాగే చూడదగ్గది ఇంకొకటి కారా. తేటగా ఉండే నిస్సారపు కుంటల్లో, వరి మళ్లలో పెరిగే ఈ శైవలం చూడటానికి చిన్న మొక్కలా ఉంటుంది. గట్టి నీళ్లలో దాని ఒంటి మీద సున్నం పేరుకుని గరుకుగా తగులుతుంది. రెండు కణుపుల మధ్య ఉండే పొడుగాటి భాగం ఒకే ఒక్క కణం, కొన్నిసార్లు కొన్ని సెంటీమీటర్ల పొడవుంటుంది. అంత పెద్ద కణంలో పదార్థాలు వాటంతట అవి వ్యాపించాలంటే రోజులు పడతాయి. అందుకే కణద్రవ్యం ఆగకుండా ప్రవహిస్తుంది. ఇటలీకి చెందిన బొనవెంచురా కోర్తి 1774లోనే దీన్ని చూసి రాశాడు. హరితరేణువుల వరుసల లోపలి వైపు యాక్టిన్ మోకుల్లా పరుచుకుని ఉంటుంది. వాటి మీద మయోసిన్ అనే మోటార్ ప్రోటీన్ పరిగెత్తుతూ కణద్రవ్యాన్ని లాగుతుంది. సెకనుకు 50 మైక్రోమీటర్లకు పైబడిన ఆ వేగం, తెలిసిన మయోసిన్లలోకెల్లా ఎక్కువ.

కారా కణాన్ని గట్టిగా తాకినా, చిన్న విద్యుత్ దెబ్బ ఇచ్చినా సెకను లోపే ఆ ప్రవాహం స్తంభించిపోతుంది. మన నరాల్లో పుట్టేలాంటి విద్యుత్ సంకేతం కణమంతటా పాకుతుంది, కాల్షియం కణద్రవ్యంలోకి ఉప్పొంగుతుంది, మయోసిన్ ఆగిపోతుంది. యాక్టిన్ మోకులు మాత్రం చెక్కుచెదరవు. కాల్షియం తగ్గేకొద్దీ, నిమిషాల వ్యవధిలో ప్రవాహం మళ్లీ మొదలవుతుంది. క్లామిడోమోనాస్‌లో కాల్షియం రాగానే పోగులు తెగిపోయాయి. ఇక్కడ అదే కాల్షియం పోగుల్ని ముట్టుకోకుండా మోటార్‌ను మాత్రమే ఆపింది. ఎందుకిలా అంటే, కారా ఎక్కడికీ ఈదిపోదు, దానికి వదిలించుకోవలసిన తోకలు లేవు. గాయమైతే కణద్రవ్యం కారిపోకుండా చూసుకోవడమే దానికి ముఖ్యం. ఒక్కో జీవి బతుకుతెరువును బట్టి ఒకే సంకేతానికి జవాబు మారుతుంది.

జవాబు ఇవ్వడంలో ఇంకో పద్ధతీ ఉంది. క్లామిడోమోనాస్‌లో యాక్టిన్ తయారుచేసే జన్యువులు రెండు, ఐడీఏ5, నాప్1. మామూలు రోజుల్లో మొదటిదే పనిచేస్తుంది, రెండోది దాదాపు నిద్రలో ఉంటుంది. సముద్రపు స్పంజిక నుంచి తీసిన లాట్రంకులిన్ అనే విషం పెడితే మామూలు యాక్టిన్ పోగులు చెదిరిపోతాయి. అప్పుడు కణం ఆ పాత యాక్టిన్‌ను అరగదీసేసి, రెండో రకాన్ని పెద్ద ఎత్తున తయారుచేసుకుంటుంది. రెండో రకం యాక్టిన్ ఆ విషానికి లొంగదు. 2016లో ఇది బయటపడేదాకా ఆ రెండో జన్యువు ఎందుకుందో స్పష్టత లేదు. పనికిరానట్టు కనబడే జన్యువు, కష్టకాలానికి దాచిన ప్రత్యామ్నాయం అయ్యింది.

మనిషి కలిపిన విషాలు

ఎండ, ఉప్పు, కరువు శైవలాలకు కోట్ల ఏళ్లుగా తెలిసినవే. మనిషి నీళ్లలోకి వదిలేవి కొత్తవి. హైదరాబాద్ మురుగును మోసుకుంటూ నల్లగొండ ప్రాంతం మీదుగా ప్రవహించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ ఇందుకు ముందు గుర్తొస్తుంది. కాలుష్యానికి మూసీలోని శైవలాలు ఎలా మారుతున్నాయో వి. వెంకటేశ్వర్లు 1969లోనే వరుస పరిశీలనలుగా ప్రచురించారు. అంతటి సంప్రదాయం ఈ నేలకు ఉంది. కాకపోతే ఆ పరిశీలనలు ఏ జాతి ఎంత ఉందన్న లెక్కల మీద నడిచాయి. కణం లోపలికి చూస్తే పాదరసం, కాడ్మియం లాంటి లోహాలు ట్యుబ్యులిన్‌లోని గంధకపు చోట్లకు అతుక్కుంటాయి. పాదరసం అతుక్కున్న ట్యుబ్యులిన్ గొట్టంగా పేరుకోలేదు. ఇది విప్పుకోవడం కాదు, విప్పిన సామాను పాడవడం.

ఫ్లోరైడ్ మాట లేకుండా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడలేం. ఇక్కడి గ్రానైటు రాళ్ల నుంచి భూగర్భజలంలోకి దిగే ఫ్లోరైడ్ ఎముకల్ని ఎలా వంచిందో జిల్లా అంతా చూసింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఫ్లోరైడ్‌కు కణ అస్థిపంజరంతో కూడా ఒక సంబంధం ఉంది. ట్యుబ్యులిన్ జత గొట్టంలో చేరాక దానిలోని జీటీపీ అనే శక్తినిచ్చే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తెగిపోతుంది, అలా తెగిన గొట్టం విడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఫ్లోరైడ్, అల్యూమినియం కలిసి ఏర్పడే అయాను ఆ ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది. అది ఖాళీ అయిన చోట కూర్చుని పోగును విడిపోకుండా బిగించేస్తుంది. ఫ్రాన్స్‌లో మారీ-ఫ్రాన్స్ కార్లియే అనే శాస్త్రవేత్త బృందం 1980ల చివర్లో సూక్ష్మనాళికల్లోనూ యాక్టిన్‌లోనూ దీన్ని నిరూపించింది. అయితే అది పరీక్షనాళికలో, శుద్ధిచేసిన ప్రోటీన్లతో, మిల్లీమోలార్ స్థాయి ఫ్లోరైడ్‌తో జరిగింది. తాగునీటికి పై హద్దుగా చెప్పే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అంటే 0.08 మిల్లీమోలార్ మాత్రమే. చెరువుల్లోని వాన నీటిలో ఫ్లోరైడ్ సాధారణంగా బోరు నీటికన్నా తక్కువ కూడా. కాబట్టి నల్లగొండ చెరువుల్లో నాచు పోగులు ఫ్లోరైడ్‌తో బిగుసుకుపోతున్నాయని చెప్పడం తొందరపాటు అవుతుంది. బోరు నీళ్లు నింపే తొట్లలో, నీళ్ల గుంతల్లో పెరిగే నాచును ఈ కోణంలో పరిశీలించడం మాత్రం చేయదగ్గ పని.

ఫ్లోరైడ్ కన్నా ఎక్కువ ఆలోచించవలసింది పత్తి చేలల్లో వాడే కలుపు మందు. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, గడ్డి మొలవకముందే కొట్టే పెండిమిథాలిన్ పనిచేసే తీరే సూక్ష్మనాళికల్ని కట్టనివ్వకపోవడం. మొక్కల, శైవలాల ట్యుబ్యులిన్‌కు అది అతుక్కుంటుంది, జంతువుల ట్యుబ్యులిన్‌ను పెద్దగా పట్టించుకోదు. అందుకే గడ్డి వేరు కొన ఉబ్బి ఆగిపోతుంది, రైతుకు అదే మాదిరి హాని జరగదు. ఇదే కుటుంబానికి చెందిన ఒరైజాలిన్‌ను తట్టుకునే క్లామిడోమోనాస్ రకాల్ని పరిశీలిస్తే, ట్యుబ్యులిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడమే అందుకు కారణమని తేలింది. మందు గురి ఎంత సూటిగా ట్యుబ్యులిన్ మీదే ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. పెండిమిథాలిన్ నీళ్లలో అంతగా కరగదు, మట్టి రేణువులకు గట్టిగా అంటుకుంటుంది. వాన వరద చేను మట్టిని కోసుకుపోయి చెరువులో వేసినప్పుడు ఆ మట్టితోపాటే వెళ్లే వీలుంది.

ఇప్పుడు నీటి పరీక్షల సంగతి. రసాయనాల లెక్కలు అవసరమే, కానీ అవి జీవి ఏమనుకుంటోందో చెప్పవు. శైవలాల మీద విషప్రభావాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రామాణిక పరీక్ష 72 గంటల పెరుగుదలను చూస్తుంది. కశాభాలు ఊడటం సెకన్ల పని, తిరిగి మొలవడం రెండు గంటల పని. ఒక చుక్క నీళ్లలో ఎన్ని కణాలు ఈదుతున్నాయి, ఊడిన తోకలు ఎంతసేపటికి మొలిచాయి అని చూడటానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో ఉండే సూక్ష్మదర్శినులు సరిపోతాయి. తోకలు ఊడటం ఒక్కటే చూస్తే కారణం తెలియదు, వేడికీ ఊడతాయి, ఆమ్లానికీ ఊడతాయి. తిరిగి మొలవకపోవడం మాత్రం గట్టి సూచన. పెండిమిథాలిన్ లాంటి మందు అడ్డుపడేది సరిగ్గా అక్కడే.

ఆ పరీక్షకు నమూనాలు ఎప్పుడు తీయాలన్నది కూడా ముఖ్యమే. మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే రైతులు పత్తి విత్తుతారు, ఆ వెంటనే మందు కొడతారు. అదే వానకు చెరువు మట్టిలోని మందగోడ కణాలు పగిలి కొత్త కణాలు బయటికొస్తాయి. వాటికి కశాభాలు కట్టుకోవడం, విభజన మొదలుపెట్టడం రెండూ అప్పుడే కావాలి, రెండింటికీ ట్యుబ్యులిన్ కావాలి. నీళ్లు నిండి నిలకడ చెందాక అక్టోబరులో తీసిన సీసాడు నీళ్లలో ఈ ఢీ కనబడదు. జూన్‌లో మొదటి వరద దిగిన వారంలోనే, తూము దగ్గరి తేట నీళ్లతోపాటు చేల వైపు నుంచి కాలువ కలిసే చోటి బురద నీళ్లను కూడా తీసుకుని, రెండు నమూనాల్లోనూ తోకలు ఊడగొట్టి మొలిచే సమయాన్ని పోల్చి చూడాలి.